ఏరు, ఏయు, నీళ్ళు

ఒకటో తరగతిలో ఉండగా ఒకరోజు దాహమేసి లేచి నిలబడి "ఏరు" అన్నాను. మా నాయనమ్మ ఇంట్లో మాట్లాడేది కూబి, అంటే మా కొండదొరల పాత భాష. అందులో ఏరు అంటే నీళ్ళు. మాస్టారికి తెలిసింది తెలుగు ఏరు. బడి మానేసి ఏటికి పోతానంటున్నాననుకుని "కూర్చో" అని గద్దించారు. సాయంత్రం దాకా దాహంతోనే కూర్చున్నాను. ఆయన చెడ్డవారు కాదు. నా మాట ఆయనకు తెలీదు, ఆయన మాట నాకు తెలీదు. కానీ ఆ రోజు నుంచి బడిలో నా భాష మాట్లాడలేదు. తర్వాత ఇంట్లో కూడా మానేశాను. నాయనమ్మ పోయాక మా ఇంట్లో కూబి లేదు. ఇప్పుడు నాకు గుర్తున్నవి యాభై మాటలుంటాయేమో.

డి.ఎడ్. చేసి, డీఎస్సీ రాసి, కొండవార ఒక కోదుల ఊళ్ళో ఏకోపాధ్యాయ బడికి వచ్చాను. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, గొలుగొండ, మాడుగుల వైపు ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. కోదుల భాష కువి. అది నాకు రాదు. కాబట్టి నాకు ఎలా చెప్పారో నేనూ అలాగే చెప్పాను. అక్షరాలు, గుణింతాలు, వల్లె వేయించడం. మూడో తరగతిలో ఒక పాప పాఠం మొత్తం తప్పు లేకుండా చదివింది. నేను పొంగిపోయాను. "కథలో రైతుకు ఏమైంది?" అని అడిగాను. ఆ పాప కాసేపు నా ముఖం చూసి, పాఠం మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ రోజు నవ్వుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు కొత్తగా చేరిన ఒక బాబు నా దగ్గరకు వచ్చి "ఏయు" అన్నాడు. నేను ఆలోచించకుండానే కుండలో గ్లాసు ముంచాను. మా నాయనమ్మ ఏరుకి ఈ ఏయు చెల్లెలు. గోండుల 'ఏర్' కూడా అదే ఇంటిది. తెలుగు ఏరు వీటికి చుట్టమే. ఈ భాషలన్నీ ఒకే కుటుంబానివని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మా కూబి మీద 1969లోనే పుస్తకం వేశారు. ఆ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు తెలిసింది.

అప్పటి నుంచి పాఠం తీరు మార్చాను. మొదట పిల్లలు ఇంట్లో అనే మాటలు తీసుకుంటాను. వాటిని తెలుగు అక్షరాలతో బోర్డు మీద రాస్తాను. తమ మాటే కంటికి కనబడేసరికి అక్షరం దేనికో వాళ్ళకు తెలుస్తుంది. తర్వాత పక్కనే తెలుగు మాట. నేను తప్పు పలికితే పిల్లలు నవ్వి దిద్దుతారు. బడిలో మాస్టారిని దిద్దిన పిల్లవాడికి భయం పోతుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, బహుభాషా బోధన మొదలైంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. అంతకన్నా చాలా ముందు గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు బడిలో సవర సంగతి కూడా చెప్పాలి.

పాఠం మొదటి నుంచి మళ్ళీ చదివిన ఆ పాప ఐదో తరగతితో బడి ఆపేసింది. మొన్న జీడిపిక్కల కాలంలో ఒక కాగితం పట్టుకుని వచ్చింది. భర్త వేలిముద్ర వేయాల్సిన కాగితం. నా ముందే గడగడా చదివి, "ఏటి రాసుంది, మాస్టారూ?" అంది. జీడితోట కౌలుకని వాళ్ళకు చెప్పారట. కాగితంలో అమ్మకం అని ఉంది. మా ఊళ్ళు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు, 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. ఆ తోట దక్కింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జనాభా లెక్కల్లో ఆమె అక్షరాస్యురాలే. అలా చదవడం నేర్పింది నేనే.

2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత 49 శాతం. ఆ సగంలో చదివింది అర్థమయ్యేవాళ్ళు ఎందరో ఆ అంకె చెప్పదు.

నాకు ఇంకా కొన్నేళ్ళ సర్వీసు ఉంది. మూడో తరగతి దాటే ప్రతి పిల్లా తాను ఎన్నడూ చూడని ఒక పేరా చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పాలి. ఊరి పెద్దలతో కూర్చుని రాస్తున్న కువి మాటల నోటుబుక్కును బొమ్మలతో చిన్న పుస్తకం చేయాలి. పొలం పనులు తగ్గిన నెలల్లో తల్లులకు సాయంత్రం బడి పెట్టాను. అక్కడ మేము చదివేది అడంగల్, పాస్‌బుక్, బ్యాంకు చీటీ. ఆమె కూడా వస్తోంది. ఒక్కో వాక్యం చదివి, దాన్ని కువిలో చెప్పాకే తర్వాతి వాక్యానికి వెళ్తుంది.

చివరి కోరిక ఒకటుంది. నేను రిటైరయ్యే రోజున ఈ బడి తాళం కువి మాట్లాడే టీచరు చేతిలో పెట్టాలి. చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లో అవ్వ ఇంకా మాట్లాడుతుంటే ఈ రోజే కూర్చుని పది మాటలు రాసుకోండి. నేను ఆ పని చేయలేదు.