అడుగుకు పావు అంగుళం

"వై టూ మైనస్ వై వన్ బై ఎక్స్ టూ మైనస్ ఎక్స్ వన్." సాయంత్రం ఏ ట్యూషన్ గది పక్కనుంచి నడిచినా ఈ వరస చెవిన పడుతుంది. పిల్లలు గుక్క తిప్పుకోకుండా, ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పేస్తారు. వాళ్లలో ఒకణ్ని ఆపి, "ఏరా నాన్నా, మీ మేడమెట్ల వాలెంతో చెప్పు" అంటే మొహంలోకి చూస్తూ నిలబడిపోతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. పిల్లాడి మీద కోపమెందుకొస్తుంది? వాలు అన్న ఊహ వాడి తలలో మొలకెత్తకముందే సూత్రాన్ని బోర్డు మీద రాసి, చుట్టూ బాక్స్ గీసి, "ఇది కంఠతా పట్టండి" అన్న పెద్దవాళ్ల మీద వస్తుంది.

ఒకటి ఇంత పెరిగితే రెండోది ఎంత మారుతుంది? వాలు చెప్పేది ఆ సంగతే. పెళ్లికి వ్యాను మాట్లాడుకున్నాం. బండి కదిలితే 500, ఆపైన కిలోమీటరుకు 20 అన్నాడు డ్రైవరు. గ్రాఫు గీస్తే, గీత నిలువు అక్షాన్ని తాకే చోటు ఆ 500. గీత వాలు ఆ 20. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు నిమిషానికింత చొప్పున దిగిపోతుంటే వాలు రుణాత్మకం. బస్సుకు నెల పాసు తీసుకున్నవాడు ఎన్నిసార్లు ఎక్కినా డబ్బు అంతే, కాబట్టి వాలు సున్నా. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ లెక్కలన్నీ నోటిమీదే ఉంటాయి. డ్రైవరు ఎక్కువ అడిగితే అక్కడికక్కడే పట్టుకుంటారు కూడా. అదే పిల్లలు "వై ఈక్వల్స్ ఎంఎక్స్ ప్లస్ సి" అనేసరికి బిక్కచచ్చిపోతారు. వ్యాను డ్రైవరు చెప్పింది ఆ సమీకరణమేనని వాళ్లకెవరూ చెప్పలేదు మరి.

ఇంకో చోట కూడా పిల్లలు తడబడతారు. పడుకున్న గీతకు వాలెంత అంటే "లేదండీ" అంటారు. నిలువు గీతకూ "లేదండీ" అనే అంటారు. రెండింటికీ బోలెడంత తేడా ఉంది. పడుకున్న గీత మీద పదడుగులు నడిచినా ఎత్తు మారదు, దాని వాలు సున్నా. నిలువు గీత మీద ముందుకు నడవడానికి చోటే లేదు. ఎత్తును సున్నాతో భాగించాలి, అది కుదిరే పని కాదు. ఈ ఒక్క ముక్క మీద పీరియడంతా ఖర్చుపెట్టిన మాస్టారికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

అసలు జబ్బు ఇంకా కిందినుంచే మొదలవుతుంది. మూడు ఎక్స్‌కు ఐదు కలిపితే ఇరవై. ఎక్స్ ఎంత? "ఐదును అటు వెయ్యి, గుర్తు మారుతుంది" అని నేర్పుతారు. ఎందుకు మారుతుంది? రెండు వైపులనుంచీ ఐదేసి తీసేశాం కాబట్టి. ఆ మాట చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మిగుల్చుకుని, పిల్లాడికి ఓ మంత్రం చేతిలో పెట్టి పంపేస్తున్నారు. ఆరో తరగతినుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు కట్టుకున్న బళ్లలో ఈ మంత్రాలు మరీ ఎక్కువ. పదకొండో తరగతి సరళరేఖలు ఏడో తరగతి పిల్లాడి చేత బట్టీ పట్టించి, అమ్మానాన్నల ముందు అప్పజెప్పిస్తారు. వాళ్లు మురిసిపోతారు. ఆ మురిపెం చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు వాలు ఎనిమిదో తరగతిలోనే వస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాలు తీసుకున్న 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాల్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. గీత మీద ఏ రెండు బిందువులు పట్టుకున్నా వాలు ఒక్కటే ఎందుకవుతుందో సరూప త్రిభుజాలతో వివరించాలని అందులో ఉంది. చిన్న త్రిభుజం, పెద్ద త్రిభుజం, రెంటిలోనూ భుజాల నిష్పత్తి ఒకటే. మన పిల్లలూ సరూప త్రిభుజాలు చదువుతారు, రేఖీయ సమీకరణాలు చదువుతారు, గ్రాఫులూ గీస్తారు. మూడూ మూడు చాప్టర్లు, మూడు యూనిట్ టెస్టులు. వాటిని కలిపి కుట్టేవాళ్లు లేరు.

మా లెక్కల మాస్టారు కుట్టారు. గోదావరి కాలవ గట్టు మీది జిల్లా పరిషత్ బడి మాది. బడి వెనక నుయ్యి, నూతి చుట్టూ గచ్చు, అక్కడినుంచి మొక్కల పాదుల దాకా సిమెంటు చేసిన నేల. ఓ రోజు ఆయన మేస్త్రి దగ్గర లెవెల్ పైపు అడిగి పట్టుకొచ్చారు. నీళ్లు నింపిన ఆ పారదర్శక గొట్టం అప్పట్లో ఇల్లు కట్టే ప్రతిచోటా ఉండేది. రెండు కొసలూ ఎంత దూరంలో ఉన్నా వాటిలో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఒక కొస నూతి గచ్చు దగ్గర ఓ కుర్రాడికిచ్చి, కర్ర మీద సుద్దతో గీసిన గుర్తు దగ్గర నీళ్లు నిలిచేదాకా గొట్టం పైకీ కిందికీ జరపమన్నారు. రెండో కొస పుచ్చుకుని మేము నాలుగేసి అడుగులకొకసారి ఆగి, నీటిమట్టంనుంచి నేల ఎంత లోతుందో స్కేలుతో కొలిచాం.

మొదట్లో 24 అంగుళాలు. నాలుగడుగుల దగ్గర 25. ఎనిమిదడుగుల దగ్గర 26. పన్నెండు దగ్గర 27 వస్తుందని అందరం అనుకున్నాం, ఇరవై ఎనిమిదిన్నర వచ్చింది. పదహారు దగ్గర మళ్లీ 28. క్లాసులోకొచ్చి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే అన్నీ ఒక గీత మీదికొచ్చాయి, పన్నెండడుగుల చుక్క మాత్రం పక్కకు పడింది. "అక్కడేముందిరా?" అన్నారు మాస్టారు. మాలో ఒకడు ఎగిరి గంతేశాడు. ఎప్పుడు నీళ్లు తోడినా మడుగు కట్టేది, మేం కాగితం పడవలు వదిలేది సరిగ్గా అక్కడే!

"ఈ నేలకు మేస్త్రి అడుగుకు పావు అంగుళం వాటం ఇచ్చాడు. అదే మీ ఎమ్" అన్నారు ఆయన. తర్వాత కర్ర మీది గుర్తును ఆరంగుళాలు పైకి జరిపి మళ్లీ కొలవమన్నారు. కొలతలన్నీ ఆరేసి అంగుళాలు పెరిగాయి. చుక్కలు కలిపితే మొదటి గీతకు సమాంతరంగా ఇంకో గీత వచ్చింది. సి మారింది, ఎమ్ మారలేదు. సమాంతర రేఖలకు వాలు సమానమన్న సిద్ధాంతం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, నూతి గచ్చు మీద మోకాళ్లేసుకుని నేర్చుకున్నాను. ఆ మాస్టారు ఇంగ్లీషు మీడియంలో చదవలేదు, ప్రొజెక్టరు ముట్టుకోలేదు. ఆయన ఖర్చల్లా మేస్త్రికి ఓ టీ. అలాంటి మాస్టార్లు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లను రిజిస్టర్లు నింపడానికీ యాపుల్లో ఫోటోలు ఎక్కించడానికీ వాడుకుంటున్నాం. ఇంతకన్నా పెద్ద దుబారా నాకు కనిపించదు.

గ్రాఫు కాగితం గురించి ఓ మాట. పరీక్షలో మూలన "స్కేలు: ఎక్స్ అక్షం మీద 1 సెంటీమీటరు 1 యూనిట్" అని రాస్తారే, మార్కు కోసం రాసే ఆ వాక్యమే పాఠానికి ప్రాణం. వై అక్షం మీద సెంటీమీటరుకు 10 యూనిట్లు తీసుకుంటే గోడలా లేచే గీత కూడా చదునుగా పడుకుంటుంది. వాలు సంఖ్యలో ఉంటుంది, కంటికి కనిపించే వంపులో ఉండదు. సొంత చేత్తో స్కేలు ఎంచుకున్న పిల్లాడు పేపర్లో ధరల గ్రాఫు చూసి మోసపోడు.

పిల్లల్ని అడగడానికి నాకు బాగా ఇష్టమైన ప్రశ్న తిరుమలది. అలిపిరినుంచి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టునుంచి 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. ఏ దారి ఎక్కువ నిటారు? మొదట అందరూ అలిపిరి అంటారు, మెట్లెక్కువ కదా. రెండో దారిలో మెట్లు మూడింట రెండొంతులున్నాయి, దూరం నాలుగో వంతు కూడా లేదు. ఇది చూశాక క్లాసు రెండుగా చీలి కొట్టుకుంటుంది. ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మరి మోకాళ్ల పర్వతం దగ్గర అలిపిరి దారే ప్రాణాలు తీస్తుంది కదండీ!" నిజమే. గాలిగోపురం దాటాక చాలా దూరం చదునుగా నడుస్తాం, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిలువుగా లేస్తుంది. ఆ దారి గ్రాఫు ఒకే సరళరేఖ కాదు. ఒక్కో ముక్కకు ఒక్కో వాలు. సగటు వాలు అన్న మాట అలా పిల్లల నోటినుంచే వస్తుంది.

రైలు కట్ట పక్కన కూడా వాలు రాసిపెట్టి ఉంటుంది. పొట్టి స్తంభానికి రెండు చేతుల్లాంటి పలకలు, ఒకటి పైకి వాలి, ఒకటి కిందికి వాలి, వాటిమీద అంకెలు. 200 అని ఉంటే 200 మీటర్లకు ఒక మీటరు ఎక్కుతున్నామనో దిగుతున్నామనో లెక్క. పలక అడ్డంగా ఉండి ఎల్ అని రాసుంటే అక్కడ చదును. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. అందుకే రైలు దారి వాలు ఎప్పుడూ చిన్నదే. ముంబై నుంచి పుణె వెళ్లే దారిలో భోర్ ఘాట్‌ది 37కి 1, అది చాలా నిటారు కిందే లెక్క. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే దారికి 60కి 1. ఆ లెక్కన 900 మీటర్లు ఎక్కాలంటే 54 కిలోమీటర్ల పట్టా కావాలి. కొండ మీదికి తిన్నగా వెళ్లడం కుదరదు కాబట్టే ఆ దారిన వెళ్లే అరకు రైలు కొండల నడుమ మెలికలు తిరుగుతూ, సొరంగం వెంట సొరంగం దూరుతూ, సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ చేరుతుంది. అద్దాల పెట్టెలో ఎక్కి లోయల ఫోటోలు తీసుకునేవాళ్లు కాసేపు ఫోన్లు దించి, పట్టాల పక్కనున్న ఆ పలకల్ని పిల్లల చేత చదివించండి. స్టేషన్ దగ్గర పడేకొద్దీ పలక మీద అంకె పెద్దదవుతుంది. స్టేషన్ యార్డులో వాలు 400కి 1 మించకూడదని, 1200కి 1 ఉంటే మేలని రైల్వే నియమం. ఇంజను విప్పేసిన పెట్టెలు వాటంతట అవి దొర్లిపోకుండా పెట్టిన నియమమది.