చెయ్యా? చేతులా?

ఓ చిన్న 'ఎస్' అక్షరం నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసిందంటే నమ్ముతారా? చెప్తా వినండి.

మా ప్రాజెక్టులో లీవ్ అప్లికేషన్ మాడ్యూల్ ఒకటుంది. దాని రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ రాసింది నేనే. అందులో ఒక లైన్: "ఎంప్లాయీస్ షల్ సెలెక్ట్ దెయిర్ అప్రూవర్." ఒక్కో ఉద్యోగికి ఒక్క అప్రూవర్ అని నా ఉద్దేశం. రివ్యూలో సీనియర్ ఒకావిడ "సబ్జెక్టు ప్లూరల్ కదా, అప్రూవర్స్ అనాలి" అని కామెంట్ పెట్టారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడిని, గ్రామర్ మీద ఆవిడతో వాదించే ధైర్యం నాకెక్కడిది? నోరు మూసుకుని 'ఎస్' తగిలించి కామెంట్ క్లోజ్ చేసేశాను.

ఆ డాక్యుమెంట్ చూసి కోడ్ రాసింది కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు. అప్రూవర్స్ అన్నారు కాబట్టి ఒకరికంటే ఎక్కువమంది అనుకున్నాడు. ఎంప్లాయీ టేబుల్లో ఒక్క కాలమ్‌తో పోయేదానికి మధ్యలో ఇంకో టేబుల్ పెట్టి, స్క్రీన్ మీద ఎంతమందికైనా టిక్కు పెట్టుకునేలా చేశాడు. పాపం, రెండు వీకెండ్లు కూర్చుని మరీ. డెమోలో క్లయింటు "ఒక్క రోజు సెలవుకి ఐదుగురు ఒప్పుకోవాలా?" అని నవ్వాడు. మా లీడ్ మాత్రం నవ్వలేదు. "స్పెక్ చదవడం కూడా రాదా నీకు?" అని కాల్ అయ్యేలోపు అందరూ వింటుండగా వాడిని కడిగేశాడు.

నేను మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్ తియ్యలేదు.

ఆ రాత్రి తప్పెవరిదో తేల్చుకుందామని గ్రామర్ పుస్తకాలు ముందేసుకున్నాను. నిజం చెప్పాలంటే తప్పు నాది కాదని ఎక్కడైనా రాసుంటే చూసుకుందామని. తేలిందేమిటంటే, ఇంగ్లీషులో సబ్జెక్టు బహువచనమైతే, తలా ఒకటే ఉన్నా సరే ఆ వస్తువుని కూడా బహువచనంలో చెప్పడమే మామూలు పద్ధతి. "దే నాడెడ్ దెయిర్ హెడ్స్" అంటారు. అంతమాత్రాన వాళ్ళంతా రావణాసురులని ఎవరూ అనుకోరు కదా! దీన్ని డిస్ట్రిబ్యూటివ్ ప్లూరల్ అంటారట. అంటే ఆవిడ చెప్పింది తప్పు కాదు. కానీ మొదట నేను రాసిందీ తప్పు కాదు. తలా ఒకటే అని స్పష్టం చెయ్యాల్సి వస్తే ఏకవచనం కూడా వాడొచ్చు. ఇక అందరికీ కలిపి ఉన్నది ఒకటే అయితే ఏకవచనమే. అన్నదమ్ములు "దెయిర్ మదర్"ని చూడ్డానికి వెళ్ళారంటే తల్లి ఒక్కతే. "మదర్స్" అన్నామా, కథలో ఇంకేదో ట్విస్టు ఉన్నట్టే. కొన్ని నానుడులు అసలు మారవు. ఎంతమందికి చెప్పినా "కీప్ ఇన్ మైండ్" అంటాం గానీ మైండ్స్ అనం.

మరి గొడవెక్కడొచ్చింది? మనిషికి తల ఒకటే అని లోకానికంతా తెలుసు, అందుకే 'హెడ్స్' అన్నా ఇబ్బంది లేదు. మా క్లయింటు ఆఫీసులో ఒక్కొక్కరికి ఎంతమంది అప్రూవర్లో ఆ కుర్రాడికెలా తెలుస్తుంది? వాడు చదివింది కరెక్టే. నేను రాసిందే రెండు రకాలుగా చదవొచ్చు.

తెలుగులో ఈ తంటా కాస్త తక్కువ. "పిల్లలందరూ చెయ్యెత్తారు" అంటే తలా ఒక చెయ్యి. "చేతులెత్తారు" అంటే దండం పెడుతున్నారేమో అనిపిస్తుంది. "చేతులెత్తేశారు" అంటే ఇక మా వల్ల కాదన్నారని. బంతిలో "తలో లడ్డూ వెయ్యి" అంటే వడ్డించేవాడికి ఏ అనుమానమూ రాదు. అలాగని మనమూ తక్కువేం కాదు లెండి, ఒక్కడే మొగుడు "మా ఆవిడ" అంటాడు :)

స్పెక్ రాసేటప్పుడు దీనికి మందు ఒకటే. బహువచనంతో వాక్యం మొదలెట్టకూడదు. "ఈచ్ ఎంప్లాయీ షల్ సెలెక్ట్ ఎగ్జాక్ట్‌లీ వన్ అప్రూవర్." వినడానికి మొరటుగానే ఉంటుంది. ఉండనివ్వండి. డేటాబేస్ బొమ్మల్లో గీత చివర 1 అనో, 0..1 అనో, 1..* అనో వేసేది కూడా ఇందుకే కదా. బొమ్మలో వేసే అంకెని వాక్యంలో వెయ్యడానికి మనకెందుకో మొహమాటం.

మూడో రోజు పొద్దున్నే లీడ్‌కి మెయిల్ కొట్టాను, టీమ్ అందరినీ సీసీలో పెట్టి. ఆ లైన్ నాది, దాన్ని రెండు రకాలుగా చదవొచ్చు, కోడ్ డాక్యుమెంట్ ప్రకారమే ఉంది అని. "ఓకే, నోటెడ్" అని జవాబొచ్చింది. అంతే. టీ దగ్గర కుర్రాడు "పర్లేదన్నా, నేనొక మాట అడగాల్సింది" అన్నాడు. వాడు అలా అనకుండా రెండు తిట్టినా బావుండేది. 'ఎస్' సంగతికి గ్రామర్ పుస్తకంలో సమర్థన దొరికింది గానీ, మ్యూట్ సంగతికి ఏ పుస్తకంలో వెతకను?

ఇప్పుడు నా డాక్యుమెంట్లో ఎక్కడ 'ఎస్' కనపడినా వాడు కుర్చీ నా వైపు తిప్పి "అన్నా, ఎన్ని?" అని అడుగుతాడు. వాడు అడిగిన ప్రతిసారీ, నేను ఆ లైన్ మళ్ళీ రాస్తున్నాను.