కవరు మీది పేరు

మా నాయన పేరు చివర 'అయ్య' ఉంది. మా తాత పెట్టిన పేరే అది. ఊళ్లో ఏ ఒక్కరి నోటా ఆ అయ్య పలకలేదు. అయ్య పోయి గాడు వచ్చి కూచునింది. రేషన్ కార్డులో గూడా గాడనే రాసినారు. రాసినోడికి తప్పనిపించలేదు, ఎందుకంటే అతను విన్నదే అది. మా వాడలో ఇంటింటి మగోళ్లకూ ఇదే తంతు.

ఈ పని కంప్యూటర్ చేత చేయించాలంటే ఒక్క వరస రాస్తే చాలని 2010లో తెలిసింది. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి డీఎస్సీ కోసం కాచుకోని ఉన్న రోజులు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసినోణ్ని నేనే మొదటివాణ్ని. చిత్తూరు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరినా. మెయిల్ సర్వర్ చూసుకోవడం నా పని. పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచేది. వియెట్సే వెనేమా ఐబీఎంలో ఉన్నప్పుడు రాసి 1998లో బయటికిచ్చినాడు. ఊరికే దొరుకుతుంది.

ఉత్తరానికి ఉన్నట్టే ఈమెయిలుకూ కవరుంటుంది. లోపల కాగితం మీద 'ఫలానావారికి' అని ఉండేది వేరు, కవరు మీద ఉండేది వేరు. సర్వర్ కవరు చూసి చేరుస్తుంది. మనం తెర మీద చూసేది కాగితం. చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఒక్క తేడా పట్టుకోవాలనే ఇంత చెప్తున్నా.

కెనానికల్ అనే పట్టిక కవరు మీదా కాగితం మీదా రెండుచోట్లా పేరు మార్చేస్తుంది. పంపినోడి పేరు గూడా. ఫలానా మాదిరి పేరు వస్తే ఇట్ల మార్చు అని రాయొచ్చు. అయ్యను గాడు చేసే వరస అదే. మాస్కరేడ్ అని ఇంకొకటి. లోపలి మిషన్ల పేర్లు తీసేసి పెద్ద డొమైన్ పేరొక్కటే బయటికి కనబడనిస్తుంది. ఇది మాకు ఒకరు నేర్పాల్సింది గాదు. తిరుపతిలో అద్దె ఇంటికి పోతే మండలం పేరు చెప్తాం, ఎ.ఎ. వాడ అని చెప్పం. కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో నిర్ణయించింది. మంచిదే. వాడ మాత్రం ఊరికి ఏ దిక్కున ఉందో ఆ దిక్కునే ఉంటుంది.

ఏలియాస్ ఇంకా సులువు. ఎడమపక్క ఒక పేరు, నడుమ రెండు చుక్కలు, కుడిపక్క ఎవరికి చేరాలో వాళ్ల పేరు. న్యూఏలియాసెస్ అని కొడితే అమల్లోకొస్తుంది. మంచికి పుట్టిన ఏర్పాటే. పోస్ట్‌మాస్టర్ అనే పేరుకు ఉత్తరం రాస్తే ప్రతి మెయిల్ డొమైన్ తీసుకోవాలని నియమం. ఆ పేరుతో మనిషి ఉండడు, ఏలియాస్ వల్ల ఎవరో ఒకరికి చేరుతుంది. అయితే ఇది మార్చేది కవరునే, కాగితాన్ని ముట్టదు. పంపినోడికి తాను రాసిన పేరు రాసినట్టే కనబడతా ఉంటుంది. అది ఎవరి పెట్టెలో పడిందో తెలియదు.

ఆ కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని ఎస్సీ పిల్లకాయల సర్టిఫికెట్లు ఆపేస్తా ఉన్నారు. నోటీసు బోర్డులో ఒక ఫిర్యాదుల అడ్రసు పెట్టినారు, కమిటీకి పోతుందని. ఏలియాసుల ఫైలు తెరిస్తే ఎడమపక్క ఆ అడ్రసు ఉంది. కుడిపక్క సర్టిఫికెట్లు ఆపిన పెద్దమనిషి పేరొక్కటే ఉంది. కమిటీ వాళ్లు ఒక్కరూ లేరు.

"సార్, కమిటీ వాళ్ల పేర్లు గూడా చేర్చమంటారా?" అని మా పై ఆయన్ను అడిగినా.

"నీకెందుకయ్యా అవన్నీ" అన్నాడు. నన్ను అయ్యా అన్నాడు, అదొక సంతోషం.

ఆ ఫైలు రహస్యమేం గాదు. ఆ సర్వర్లో లాగిన్ ఉన్న ఎవరైనా చదవొచ్చు. ఫైనలియర్ పిల్లకాయలకు లాగిన్లు ఉండేవి. ఫైలు పేరు చెప్పి, చదువుకోండ్రా అన్నా. వాళ్లలో ఒకడు తెర ముందర చానాసేపు కదల్లేదు. "అన్నా, నేను మూడుసార్లు రాసినా. మూడోసారి రాసిన మర్నాడే ఆయన నన్ను పిలిచి, మీ నాయన ఏం పని చేస్తాడని అడిగినాడు" అన్నాడు.

ఆ సాయంత్రమే కాగితం మీద రాసినాం, సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసుకు. పదకొండు మంది సంతకాలు. రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంటు కార్డుతో. పంపినవారి అడ్రసులో వాడ పేరు గూడా దాచుకోకుండా పూర్తిగా రాయించినా. పదో రోజు కార్డు తిరిగొచ్చింది, ముద్రతో, సంతకంతో. ఎవరు అందుకున్నారో చూసి తెలుసుకోవడం ఆ పిల్లకాయలకు అదే మొదలు.

రెండు నెలలకు ఏడుగురి సర్టిఫికెట్లు చేతికొచ్చినాయి. నలుగురికి రాలేదు. వాళ్లలో ఒకని తల్లి ఆవును అమ్మి డబ్బు కట్టింది.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. కాలేజీ వదిలేనాటికి ఆ వరస ఫైల్లో అట్లే ఉంది. నాకు తెలిసి మా పిల్లకాయలు మళ్లా ఆ అడ్రసుకు రాయలేదు.