'నాగ్‌పూర్ దాటింది సార్!'

బోయినపల్లి చౌరస్తా దాటి సుచిత్ర వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా బోర్డులే బోర్డులు. ప్యాకర్స్ అండ్ మూవర్స్, కార్ క్యారియర్స్, ఆలిండియా సర్వీస్... ఒక్కో బోర్డు మీద ధగధగలాడే లారీ బొమ్మ. లోపలికి తొంగిచూస్తే ఓ టేబులు, రెండు కుర్చీలు, మూడు సెల్‌ఫోన్లు. లారీ మాత్రం ఎక్కడా కనపడదు. ఈ వ్యాపారం సంగతి తెలియాలంటే ముందు ఆ కనపడని లారీని వెతకాలి.

బదిలీ ఆర్డరు అందుకున్న బ్యాంకు ఉద్యోగి, గురుగ్రామ్‌లో కొత్త కొలువు దొరికిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు... ఇలాంటివాళ్లకి సామాను సంగతి సరే, కారే పెద్ద చిక్కు. వాయిదాలు ఇంకా తీరలేదు. అమ్ముదామంటే మనసొప్పదు. నడుపుకుంటూ పోదామంటే ఢిల్లీ పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. స్కూటరయితే సికింద్రాబాద్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసుకు తోసుకెళ్లి, ట్యాంకులో పెట్రోలు తీయించి, గోనెపట్టా చుట్టించి రైలెక్కించొచ్చు. కారు కోసం మాత్రం ఈ బోర్డుల దగ్గరికి రావాల్సిందే.

ఫోన్ చేస్తే ఒకరు 22 వేలంటారు. ఇంకొకరు 20. మరొకరు ఏకంగా 11 వేలకే ఇంటి ముందు దించుతామంటారు. మధ్యతరగతి మనసు ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు కదా! పైగా ఆ 11 వేలన్నతనే అందరికంటే మర్యాదగా మాట్లాడతాడు. (ఈ అంకెలు ఏ ఒక్కరివో కావు. మోసపోయిన పదిమంది గోడు కలిపి వింటే కథ ఇలాగే ఉంటుంది.)

లారీ ఎవరిది?

బుకింగ్ తీసుకున్నవాడికి లారీ ఉండదు. లారీ ఉన్నవాడికి మీరెవరో తెలియదు. మధ్యలో ఒక బ్రోకరు, ఒక్కోసారి ఇద్దరు. కార్లు మోసే పొడవాటి కంటెయినర్‌లో ఆరో ఎనిమిదో బండ్లు పడతాయి. ఒక్క మీ కారు కోసం అది కదలదు. లోడు నిండాలి. అందాకా మీ కారు ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కండ్లకోయ, మేడ్చల్ పక్కన ఏ ఖాళీ స్థలంలోనో వేపచెట్టు కింద దుమ్ము కొట్టుకుంటూ ఉంటుంది. మీరు ఫోన్ చేస్తే మాత్రం ''నాగ్‌పూర్ దాటింది సార్'' అంటారు.

ఆ నాలుగు రోజులూ తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది? అక్కడే ఉంది అసలు మెలిక. టీ తాగడానికి, ఇంకో పార్టీ బండి తేవడానికి మీ కారే తిరుగుతుంది. కొందరైతే కంటెయినర్ కిరాయి మిగులుతుందని డ్రైవరును పెట్టి రోడ్డు మీదే తోలించేస్తారు. అప్పగించేటప్పుడు మీటరు రీడింగును, పెట్రోలు ముల్లును ఫొటో తీసుకోమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. ఇంకో సాక్షి అద్దం మీదే ఉంది... ఫాస్టాగ్! కారు టోల్‌ప్లాజా గేటులోంచి వెళ్తే మీ సెల్‌కు మెసేజ్ వస్తుంది. కంటెయినర్ పొట్టలో ఉందనుకున్న కారు పేరిట ఇందల్వాయి టోలు కట్ అయినట్టు అర్ధరాత్రి మెసేజొస్తే ఇక అడగాల్సిందేముంది?

ఉత్తరానికి దారి

పాతవాళ్లకి ఇది ఏడో నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 44 అయింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా దేశాన్ని నిలువునా చీల్చుకుపోయే రోడ్డు. మనోహరాబాద్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి... మొక్కజొన్న చేలు, రైస్‌మిల్లులు. ఆర్మూరు దాటాక సోన్ దగ్గర గోదావరి. కొయ్యబొమ్మల నిర్మల్ వచ్చేసరికి నేల ఎత్తవుతుంది, గాలి మారుతుంది. నేరడిగొండ నుంచి కుంటాల జలపాతానికి దారి చీలుతుంది. లోడుతో ఉన్న క్యారియర్లు ఈ ఎత్తుపల్లాల్లో మూలుగుతూ ఎక్కుతుంటే వెనకున్నవాళ్లకి హారన్ కొట్టబుద్ధి కాదు.

దారి పొడవునా డాబాల ముందు ఈ బండ్లు బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లలో హర్యానాలోని మేవాత్ వైపువాళ్లు, రాజస్థానీలు కనిపిస్తుంటారు. రొట్టె, పప్పు, నులకమంచం మీద గంట కునుకు. వీళ్లను దొంగల్లా చూడటం మనకలవాటు. కదిపి చూస్తే తెలుస్తుంది, బోయినపల్లిలో మీ దగ్గర ఎంత పుచ్చుకున్నారో వీళ్లకి తెలియనే తెలియదు. డీజిలు, టోలు, క్లీనరు బత్తా పోగా మిగిలేదే వీళ్లది. కంటెయినర్‌లో ఒక కారు జాగాకు కిరాయి దాదాపు అందరికీ ఒకటే. 11 వేలకు ఒప్పుకున్నవాడికీ అంతే. మరి ఆ తేడా ఎవరు కట్టాలి? ఎవరో ఒకరు దారిలో కట్టాలి.

ఆదిలాబాద్ దాటితే పెన్‌గంగ. వంతెనకు అవతల మహారాష్ట్ర. ఇక్కడ మొదటి ఫోన్ వస్తుంది. ''సార్, బోర్డర్లో ట్యాక్స్ అడుగుతున్నారు, మూడు వేలు పంపండి.'' ఏ ట్యాక్సు? 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులే ఎత్తేశారు. సొంతంగా వాడుకుంటున్న వస్తువులకు ఈ-వే బిల్లు నుంచి మినహాయింపు జీఎస్టీ నిబంధనల్లోనే ఉంది. పన్ను కట్టామంటే రసీదు చూపమనండి. ఫోన్ కట్టయిపోతుంది.

రెండో ఫోన్ నాగ్‌పూర్ నుంచి. హైదరాబాద్ నుంచి సుమారు 500 కిలోమీటర్లు. మన నిలువు రోడ్డును సూరత్ నుంచి రాయ్‌పూర్ మీదుగా తూర్పుకెళ్లే అడ్డరోడ్డు ఇక్కడే కలుస్తుంది. అందుకే ఊరంతా గోడౌన్లు. అమరావతి రోడ్డులో వాడీ అనే చోట చూడాలి, లారీలు తప్ప మరో లోకం కనపడదు. ఢిల్లీ సరుకు, కోల్‌కతా సరుకు ఇక్కడ విడిపోయి బండ్లు మారతాయి. ఇలాంటి ఏదో గోడౌన్లో మీ కారు దిగుతుంది. ''బండి మార్చాలి సార్. ఇంకో 9 వేలు వేస్తేనే కదులుతుంది. లేదంటే రోజుకింత గోడౌన్ అద్దె.'' పదకొండుకు తొమ్మిది కలిపి చూడండి. మొదట మనం ఎక్కువని వద్దన్న రేటే!

అప్పటికి కుటుంబం రైలు దిగి అక్కడ కొత్త ఇంట్లో ఉంటుంది. పిల్లల బడి మొదలవుతుంది. బోయినపల్లి నంబరు స్విచాఫ్. నాగ్‌పూర్‌లో తెలిసినవాళ్లుండరు. తొమ్మిది వేలు పంపని వాళ్లెంతమంది?

కాగితం మీద ఏముంది?

నిజానికి చట్టం మనవైపే ఉంది. 1865 నాటి పాత చట్టాన్ని పక్కనబెట్టి 2007లో తెచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం 2011 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం లారీ ఉన్నవాడే కాదు, బుకింగ్ కంపెనీ, ఏజెంటు, బ్రోకరు కూడా 'కామన్ క్యారియర్' కిందికే వస్తారు. రిజిస్ట్రేషన్ ఉండాలి. సరుకు తీసుకున్నట్టు రసీదివ్వాలి. మనవాళ్లు ఎల్లార్ అనేది, ఉత్తరాదివాళ్లు బిల్టీ అనేది అదే. ''లారీ నాది కాదు'' అని బోయినపల్లివాడు చేతులు దులుపుకుంటే కుదరదు.

కానీ ఒక గొళ్లెం ఉంది. బుకింగ్ రోజున ఎక్కువ విలువ చెప్పి, అందుకు తగ్గ కిరాయి కట్టకపోతే నష్టపరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. 11 వేలకు బుక్ చేస్తే 1,10,000 రూపాయలు. కారు ఏడు లక్షలదైనా సరే! చవక బేరం ఇక్కడ కూడా కరుస్తుందన్నమాట. దావా వేయాలంటే బుకింగ్ రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వాలి. రసీదు వెనక సన్నక్షరాల్లో ''వివాదాలు ఫలానా కోర్టులోనే'' అని ఉంటుంది. దాన్ని చూసి బెదిరిపోనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం మనం ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోనిస్తుంది.

ఇన్సూరెన్సు పేరుతో ఆఫీసులు కారు విలువ మీద కొంత శాతం వసూలు చేస్తాయి. చేతికిచ్చేది మాత్రం వాళ్ల లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు. బీమా కంపెనీ పాలసీ నంబరు లేని కాగితం ఎందుకూ కొరగాదు. అసలు చాలామందికి తెలియనిదేమిటంటే, మన ప్రైవేటు కారుకు ఉండే ప్యాకేజీ పాలసీలోనే రోడ్డు మీదో రైల్లోనో కారును తరలించేటప్పుడు జరిగే నష్టానికి కవరేజీ ఉంటుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అది వేరే సంగతి. డిక్కీలో కుక్కిన కుక్కరు, మిక్సీ, పట్టుచీరలు ఆ పాలసీ కిందికి రావు. డిక్కీ ఖాళీగా ఉంటేనే మేలు.

అర్ధరాత్రి అప్పగింత

నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి. పులులు కింద నుంచి దాటేందుకు అక్కడ రోడ్డును స్తంభాల మీదికెత్తారు. ఆపైన సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా. ఢిల్లీలోకి పగలు పెద్ద లారీలను రానివ్వరు. అందుకే కారు ఊరి బయటే ఎక్కడో దిగుతుంది. ఎవరో నడుపుకొచ్చి, ఏ రాత్రి పదకొండింటికో గేటు దగ్గర హారన్ కొడతారు. చీకట్లో దుమ్ము కింద సొట్టలు కనపడవు. తెచ్చినవాడు ముందు సంతకం పెట్టమని కాగితం చాపుతాడు.

సెల్‌ఫోన్ టార్చి వేసుకుని చుట్టూ తిరిగి చూడాలి. బంపరు, డోర్ల అంచులు, డిక్కీలో స్టెప్నీ, మీటరు రీడింగు. గీత కనపడితే ''ఎడమ డోరు మీద గీత ఉంది'' అని ఆ కాగితం మీదే రాసి, అప్పుడు సంతకం పెట్టాలి. అది చూసి అతను విసుక్కుంటాడు. అతనికీ పని ఉంది పాపం, ఊరి బయట కంటెయినర్ ఆగి ఉంది, హైదరాబాద్‌కు తిరుగు లోడు ఇంకా నిండలేదు, అందులో మీ పాత ఊరికి వెళ్లాల్సిన ఎవరిదో కారు అప్పటికే దుమ్ము కొట్టుకుంటోంది.