పొట్టలో నీరు తీసిన మరునాడు

నేను ప్రభుత్వ వైద్యునిగా చేరిన తొలి రోజుల్లో ఒక వ్యవసాయ కూలీ జలోదరంతో మా వార్డులో చేరాడు. మద్యపానం వలన కాలేయం గట్టిపడి, సిరోసిస్ కలిగింది. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను పైకి నెట్టడంతో అతడు రాత్రులు కూర్చునే గడిపేవాడు. ఆ బాధ చూడలేక నేను పొట్టలోనికి సూది గుచ్చి ఒకే విడతలో సుమారు ఎనిమిది లీటర్ల నీరు తీశాను. ఆ రాత్రి అతడు వెల్లకిలా పడుకొని నిద్రపోయాడు. అతని భార్య నాకు చేతులెత్తి దండం పెట్టింది.

మరునాటికి మూత్రం తగ్గింది. మూడవనాడు మగత కమ్మింది. అయిదవనాడు అతడు మరణించాడు. "నీళ్లు తీసినప్పుడు బాగానే ఉన్నాడు గదా బాబూ!" అని ఆమె అడిగినప్పుడు నా వద్ద సమాధానం లేదు.

సమాధానం తరువాత తెలిసింది. ఎక్కువ నీరు ఒక్కసారిగా తీసినపుడు రక్తనాళాలు వ్యాకోచించి, ప్రసరణలో నిలిచే రక్తపరిమాణం తగ్గుతుంది. మూత్రపిండాలకు రక్తం చాలక అవి విఫలం కావచ్చు. ఆల్బుమిన్‌ను సిర ద్వారా ఇస్తే ఈ ప్రమాదం తగ్గుతుందని 1980 దశకం చివరలో బార్సిలోనా వైద్యులు చూపించారు. ఇప్పుడు అయిదు లీటర్లకు మించి తీస్తే, తీసిన ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఇస్తారు. ఎనిమిది లీటర్లకు ఇరవై గ్రాముల సీసాలు సుమారు మూడు కావాలి. ఖరీదైన మందే, కాని అనవసరమైనది కాదు.

ఇతర ఉపద్రవాలు కూడా ఉన్నాయి. సూది గుచ్చిన చోట నీరు కారవచ్చు. పొట్టగోడలోని రక్తనాళం తెగి రక్తస్రావం కావచ్చు. అరుదుగా ప్రేవుకు రంధ్రం పడవచ్చు, లోపల సూక్ష్మజీవులు చేరవచ్చు. అల్ట్రాసౌండ్‌తో చోటు చూసుకొని గుచ్చితే ఇవి తగ్గుతాయి.

నీరు తీయించుకొనుటకు భయపడవద్దు. అది ఉపశమనమిచ్చే చికిత్సే. అయితే ఇంటికి వెళ్లాక మూత్రం తగ్గినా, మగత, తికమక కలిగినా, జ్వరం, కడుపునొప్పి వచ్చినా, లేచినపుడు కళ్లు తిరిగినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి రండి.

రోగి హాయిగా నిద్రపోయిన ఆ రాత్రి నేనూ నిశ్చింతగా నిద్రపోయాను. జాగ్రత్త వహించవలసిన సమయం అప్పుడే మొదలయిందని నాకు తెలియదు.