పళ్లు కోసిన పిస్టన్ పిన్ను

1980ల మొదట్లో కొత్త స్కూటరు కావాలంటే చేతిలో డబ్బుంటే చాలేది కాదు. పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు కాచుకోవాలి. అందుకే ఎవరో వాడి అమ్మిన బజాజ్ చేతక్ తెనాలిలోని మా ఉమ్మడి ఇంటికి వచ్చినప్పుడు, దాని వయసెంత అని ఎవరూ అడగలేదు. దాన్ని నడిపించే పూచీ మాత్రం మా పెదనాన్న మీద పడింది. ఆయన రైస్ మిల్లులో ఫిట్టరు.

ఆ బండిలో కొన్ని భాగాలు విప్పడానికి కంపెనీ ప్రత్యేకంగా చేయించిన పనిముట్లు కావాలి. అవి మా ఊరి ఇనప కొట్లలో దొరికేవి కావు. ఇంట్లో ఉన్నవల్లా పానాలు, పట్టకారు, స్క్రూడ్రైవరు, సుత్తి. క్లచ్ దగ్గరికి వచ్చేసరికి ఈ నాలుగూ చేతులెత్తేసేవి. వెనక చక్రం ఊడదీసి, మూత తీస్తే, క్లచ్‌ని పట్టి ఉంచే గుండ్రటి నట్టు కనిపిస్తుంది. దానికి పానా పట్టే పలకలుండవు, అంచున గాళ్లు ఉంటాయి. ఆ గాళ్లలో సరిగ్గా కూచునే పళ్లున్న గొట్టం ఉంటేనే అది కదులుతుంది. చాలామంది ఉలి ఆనించి సుత్తితో కొట్టి తిప్పేవాళ్లు. నట్టు వచ్చేది, దాంతోపాటు అంచులూ చిట్లేవి. ఆ దెబ్బ లోపల బేరింగుల దాకా పాకేది. పెదనాన్న దానికి ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. “కొట్టి విప్పితే అది విప్పినట్టు కాదురా, విరిచినట్టు” అనేవాడు.

బెజవాడ ఆటోనగర్‌లో పాత ఇనుము అమ్మేచోట వెతికి, అరిగి పారేసిన లారీ పిస్టన్ పిన్ను తెచ్చాడు. గుల్లగా, గొట్టంలా ఉండే గట్టి ఉక్కు. ఎంత గట్టిదంటే ఆకురాయి దాని మీద జారిపోయేది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్పించి, బూడిదలో పూడ్చి, తనంతట తాను చల్లారేదాకా వదిలేశాడు. మర్నాటికి అది లొంగింది. నట్టు మీద సిరా పూసి కాగితం అద్ది, ఆ అచ్చును పిన్ను మొహాన అతికించి, గీతల వెంట పళ్లు కోశాడు. కాస్త ఆకురాయి పట్టడం, నట్టుకు ఆనించి చూడడం, మళ్లీ పట్టడం. అన్ని పళ్లూ ఒక్కసారే గాళ్లలో దిగాక, రెండో కొసన పానా పట్టడానికి ఓ పెద్ద నట్టు వెల్డింగ్ చేయించి, పళ్ల వైపు మళ్లీ కాల్చి నూనెలో ముంచి పదును పెట్టించాడు.

నట్టు తిప్పుతుంటే ఇంజను కూడా తిరిగిపోతుంది కదా! దానికీ ఉపాయముంది. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి మెత్తటి నూలు తాడు లోపలికి దించితే పిస్టన్ దాన్ని నొక్కుకుని ఆగిపోతుంది. అయితే పిస్టన్ పైకి వచ్చి పక్కనున్న దారులు మూశాకే తాడు దించాలి, లేకపోతే అది పొగ పోయే దారిలో ఇరుక్కుని తెగుతుంది. నులక తాడు పనికిరాదు, పీచు లోపల రాలుతుంది. ఈ సంగతులన్నీ ఆయన తాడు పట్టుకుని నాకు చెప్పినవే. మా స్కూటరులాంటి టూ స్ట్రోక్ ఇంజనులో పొగ పోయే దారికి వాల్వు ఉండదనీ, పిస్టనే తలుపులా దాన్ని తెరిచి మూస్తుందనీ నాకు తెలిసింది అలాగే.

కొలతలకు కూడా ఆయన బజారు వైపు చూడలేదు. గెడ్డం గీసుకునే బ్లేడు మందం మిల్లీమీటరులో పదోవంతు. నాలుగు బ్లేడ్లు దొంతర పెడితే 0.4 మిల్లీమీటర్లు. ఇగ్నిషన్ పాయింట్ల మధ్య ఎడం ఆ దొంతరతో సరిపెట్టేవాడు. ప్లగ్గుకి విరిగిన హాక్సా బ్లేడు ముక్క చాలు, దాని మందం 0.6 మిల్లీమీటర్ల పైచిలుకు. పాయింట్లు ఎప్పుడు విడుతున్నాయో పట్టుకోవడానికి సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం వాటి మధ్య పెట్టి, మెల్లగా లాగుతూ ఫ్లైవీల్ తిప్పమనేవాడు. కాగితం వదులైన క్షణమే నిప్పురవ్వ పుట్టే క్షణం. కార్బొరేటరు జెట్టులో చెత్త తీయడానికి మాత్రం ఉక్కు తీగ ముట్టనిచ్చేవాడు కాదు. కరెంటు వైరులోని సన్నటి రాగిపోగే వాడాలి. జెట్టు ఇత్తడిది, ఉక్కు గీస్తే కన్నం పెద్దదై బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

చేతికందిన దానితో పని గడిపేయడాన్ని మనం తెలివి అని మెచ్చుకుంటాం. పెదనాన్న నేర్పింది అంతకంటే కష్టమైన విద్య. పని ఎలాగోలా అయిపోతే చాలనుకునేవాడికి ఉలి చాలు. బండికి గాయం కాకూడదనుకున్నవాడే పనిముట్టు చేసుకోవాలి. అలా చేసుకోవాలంటే ఆ నట్టు అలా ఎందుకుందో, ఏ లోహం ఎంత ఓర్చుకుంటుందో, బలం ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో ముందు తెలియాలి. ఆయన ఎక్కువ సమయం పనిముట్టుకే ఖర్చుపెట్టి, క్లచ్‌ని కాసేపట్లో విప్పేశాడు. ఆ సమయమే అసలు చదువు.

అలాంటి పళ్ల గొట్టం ఇవాళ ఇంట్లో కూచుని ఫోనులో తెప్పించుకోవచ్చు. అది మంచిదే, పాత బండ్లు ఇంకొన్నేళ్లు బతుకుతాయి. కానీ పట్టా లేకుండా, పుస్తకం లేకుండా నట్టుని చూసి దాని పానాను ఊహించిన పెదనాన్నలాంటి ఫిట్టర్లను, కమ్మర్లను, ఆటోనగర్ షెడ్లలో నూనె చేతులతో పనిచేసినవాళ్లను నేను ఇంజనీర్లనే పిలుస్తాను. మన పిల్లలకు ఇంజనీరింగ్ సీటు కోసం ఇంత తపన పడుతున్నాం. సీటు కంటే ముందు వాళ్ల చేతికి ఓ పాత స్కూటరునీ, ఓ ఆకురాయినీ ఇచ్చి, పక్కన కూచుని, తొందరపెట్టకుండా విప్పనివ్వండి.