ఆక్స్‌ఫర్డ్ నుంచి గాజువాక దాకా

ఇప్పటి కార్ల పేర్లకి అర్థం ఏంటో ఒక పట్టాన తెలీదు. వందేళ్ల కిందట బ్రిటన్‌లో చిన్న కార్ల పేర్లు మాత్రం కిరాణా కొట్టు లెక్కంత సూటిగా ఉండేవి. 1921 నుంచి అక్కడ హార్స్‌పవర్‌కి ఏడాదికి ఒక పౌండు పన్ను. అందుకే 1922లో వచ్చిన బుల్లి కారు ‘ఆస్టిన్ సెవెన్’ అయింది. తర్వాత ‘మోరిస్ ఎయిట్’ వచ్చింది. పేరు వింటే చాలు, పన్ను ఎంత పడుతుందో సుమారుగా తెలిసిపోయేది. తమాషా ఏంటంటే, అది ఇంజిన్ అసలు బలం కాదు. సిలిండర్లు ఎన్ని, వాటి వెడల్పు ఎంత అని చూసి వేసిన సర్కారు లెక్క. దాంతో కంపెనీలు సిలిండర్లని సన్నగా, పొడుగ్గా చేసేవి!

అంతకుముందే, 1913లో, విలియం మోరిస్ తన మొదటి కారుకి తను పెరిగిన ఊరి పేరు పెట్టుకున్నాడు. అదే మోరిస్ ఆక్స్‌ఫర్డ్. మన అంబాసిడర్ ఆ వంశంలోదే. 1950ల్లో హిందుస్థాన్ మోటార్స్ ఒక ఆక్స్‌ఫర్డ్ మోడల్‌ని ల్యాండ్‌మాస్టర్‌గా, దాని తర్వాతి మోడల్‌ని అంబాసిడర్‌గా మార్చింది. పరాయి ఊరి పేరు పోయి రాయబారి హోదా వచ్చిందన్నమాట.

గాజువాకలో మా బాబాయికి అన్నం పెట్టింది ఆ కారే. పోర్టు ఆఫీసర్లు, పెళ్లివారు, సింహాచలం వెళ్లే భక్తులు, అందరూ అందులో ఎక్కినవాళ్లే. బాబాయి దానికి ‘పెద్దోడు’ అని పేరు పెట్టాడు. “పెద్దోడు వచ్చాడా?” అని పిన్ని అడిగిందంటే, కంచం పెట్టే వేళైందని అర్థం. మేం నవ్వితే బాబాయి ఊరుకునేవాడు కాదు. “స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టలేదేటి? మనకి కూడుపెట్టేదాన్ని నంబరుతో పిలుస్తామేటిరా?” అనేవాడు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. స్పేర్‌పార్టుల కోసం తిరగడం బాబాయికి రోజువారీ పనైంది. ఈలోగా పిన్నికి మోకాలి ఆపరేషన్ తప్పదన్నారు. దాచుకున్నది చాల్లేదు. కారు చూడ్డానికి వచ్చిన పాత ఇనుము వ్యాపారి ఏ సంవత్సరం మోడలో అడగలేదు, బరువెంతుంటుందో అంచనా వేశాడు. పన్ను అంకెతో పేర్లు మొదలైన కాలం నుంచి ఇంతదూరం వచ్చి, మా పెద్దోడు కిలోల అంకె దగ్గర ఆగాడు. బాబాయి మారుమాట్లాడకుండా తాళాలు ఇచ్చేశాడు.

పిన్ని ఇప్పుడు బాగానే నడుస్తోంది. వీధిలో హారన్ మోగితే, “పెద్దోడేమో చూడండి” అంటుంది అలవాటుగా. బాబాయి లేచి చూస్తాడు కూడా.